వాచిన పొదుగుకి మందు వేస్తున్నారు, వాయని పొదుగు సంగతేంటి?

ప్రశ్న: "నమస్తే డాక్టరు గారూ. మాది హిందూపురం దగ్గర ఊరు, పెళ్ళయ్యాక బెంగళూరు దగ్గర హొసకోటె పక్కన స్థిరపడ్డాం. పదకొండు పాడి ఆవులున్నాయి, ఎక్కువగా హోల్‌స్టీన్ జాతి హెచ్ఎఫ్‌లే. మా ఆయన క్యాబ్ నడుపుతారు, ఆవుల పని నాదీ మా అత్తయ్యదీ. పాలు పిండడానికి ఒక అబ్బాయి రెండు పూటలా వస్తాడు, మా వీధిలో ఇంకో మూడు ఇళ్ళకి కూడా అతనే. సెకండ్ హ్యాండ్‌లో ఒక మిషను కొన్నాం, ఆరు ఆవులకి దాంతో, మిగతావాటికి చేత్తో. వానలు మొదలైన దగ్గర్నుంచి ఒకదాని తర్వాత ఒకటి మూడు ఆవులకి పొదుగు వాచింది. ఇక్కడ కెచ్చల బావు అంటారు. గౌరి అనే ఆవుకైతే వెనక కుడి చన్నుకే ఇది మూడోసారి. షాపు నుంచి చన్ను లోపలికి పెట్టే యాంటీబయాటిక్ ట్యూబులు తెచ్చి మేమే ఎక్కిస్తున్నాం, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. డైరీలో 8.5 వచ్చే ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాకుండా మిగిలే గట్టి పదార్థాల శాతం) 8 దగ్గరికి పడిపోయింది, ఒక పూట పాలు వెనక్కి కూడా పంపించారు. అత్తయ్య దిష్టి అంటోంది. మా మరిది అన్నీ అమ్మేయమంటున్నాడు. ఇంకా పవర్ ఉన్న ఇంజెక్షను ఏదైనా ఉందా? కలబంద, పసుపు పూస్తే తగ్గుతుందంటారు, నిజమేనా? ట్యూబు ఎక్కించిన ఆవు పాలు దూడలకి పట్టొచ్చా?"

అమ్మా, పవర్ ఉన్న ఇంజెక్షను ఉందా అంటే ఉంది, షాపులో అడిగితే ఇచ్చేస్తారు కూడా, కానీ మీ కొట్టంలో సమస్య మందు పవర్‌ది కాదు. మూడు ఆవులకి వరసగా రావడం, గౌరికి అదే చన్నులో తిరగబెట్టడం, మొత్తం పాలలోనే ఎస్ఎన్ఎఫ్ పడిపోవడం, ఈ మూడూ కలిపి చూస్తే ఒకటే అర్థమవుతోంది. మీరు వాచిన పొదుగుకి వైద్యం చేస్తున్నారు, సూక్ష్మజీవి మాత్రం ఇంకా వాయని పొదుగుల్లో కూడా ఉంది, అక్కడి నుంచి పాలు పిండే చేతులతో, తుడిచే గుడ్డతో, మిషను రబ్బరుతో రోజుకి రెండుసార్లు పక్క ఆవుకి చేరుతోంది. ఆ దారి మూయకుండా ఎన్ని ట్యూబులు ఎక్కించినా షాపువాడికే లాభం.

దిష్టి విషయంలో అత్తయ్యగారితో వాదించకండి. కొట్టం ముందు గుమ్మడికాయ కట్టుకోనివ్వండి, ట్యూబులకి పెట్టే ఖర్చుతో పోలిస్తే అదేమీ కాదు. దానికి బదులుగా రేపటి నుంచి ఆవిడ చేత ఇంకో పని చేయించాలి, అది కిందకొస్తే చెప్తాను.

పొదుగువాపు తెచ్చే సూక్ష్మజీవుల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఒక రకం ఆవు నుంచి ఆవుకి అంటుకునేవి, స్టెఫైలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే లాంటివి. ఇవి పొదుగు లోపలే కాపురముంటాయి, పాలు పిండే టైములోనే పాకుతాయి. రెండో రకం పేడలో, బురదలో, తడి నేలలో ఉండేవి, ఈ.కోలి, క్లెబ్సియెల్లా, స్ట్రెప్టోకాకస్ యూబెరిస్ వగైరా. ఇవి ఒక పిండుడికీ ఇంకో పిండుడికీ మధ్య, ఆవు తడి నేల మీద పడుకున్నప్పుడు చన్ను రంధ్రం గుండా ఎక్కుతాయి. వానాకాలంలో మొదలైంది అన్నారు కాబట్టి రెండో రకం కూడా ఉండొచ్చు, కానీ గౌరిలాగా తగ్గినట్టే తగ్గి అదే చన్నులో మళ్ళీ మళ్ళీ వస్తుంటే నా మొదటి అనుమానం స్టెఫైలోకాకస్ మీదే. ఇది పొదుగు కణజాలంలో చిన్న చిన్న గడ్డలు కట్టుకుని దాక్కుంటుంది, ఒక్కోసారి ఆవు తెల్ల కణాల లోపలే బతుకుతుంది, మందు అక్కడిదాకా వెళ్ళదు. ట్యూబు ఎక్కించగానే పాలలో తరకలు పోతాయి, మనం తగ్గిపోయిందనుకుంటాం, అది లోపల అలాగే ఉంటుంది.

ఇదంతా అనుమానమే. తేల్చుకోవడానికి ముందు మీరు కొనాల్సింది మందు కాదు, నాలుగు గిన్నెలున్న ఒక ప్లాస్టిక్ ప్యాడిల్, సిఎంటి ద్రావణం ఒక సీసా. కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్ అంటారు, 1957 నుంచి వాడుకలో ఉన్న పరీక్ష, పశువుల మందుల షాపుల్లో దొరుకుతుంది. మొదటి నాలుగు ధారలు వదిలేసి, ఒక్కో చన్ను పాలు ఒక్కో గిన్నెలో రెండు మూడు మిల్లీలీటర్లు పిండి, అంతే కొలత ద్రావణం పోసి, ప్యాడిల్‌ని గుండ్రంగా తిప్పండి. పావు నిమిషంలో తేలిపోతుంది. పాలు పల్చగా కదులుతుంటే ఆ చన్ను బాగున్నట్టు. జిగురుగా, సాగేలా, గడ్డలా తయారైతే లోపల తెల్ల కణాలు పెరిగిపోయాయని, అంటే అక్కడ రోగం ఉందని. పాలు చూడ్డానికి తెల్లగా, బాగానే ఉంటాయి, పొదుగు మెత్తగా ఉంటుంది, ఆవు మేత తింటుంది, అయినా ప్యాడిల్‌లో జిగురు వస్తుంది. మీరు వెతకాల్సిన ఆవు ఇదే. ఆరోగ్యంగా ఉన్న చన్ను పాలలో మిల్లీలీటరుకి తెల్ల కణాలూ మిగతా కణాలూ కలిపి 2 లక్షల లోపు ఉంటాయి, అది దాటితే అనుమానించాలి. ఈనిన మొదటి వారంలో ఈ పరీక్ష చేయకండి, జున్నుపాల రోజుల్లో కణాలు మామూలుగానే ఎక్కువుంటాయి, లేనిపోని టెన్షన్.

పదకొండు ఆవులు, నలభై నాలుగు చన్నులు. ఒక నోటు పుస్తకంలో ఆవు పేరు రాసి, నాలుగు గళ్ళు గీసి, ఏ చన్ను ఎలా ఉందో రాయండి. నెలకోసారి ఇదే. అత్తయ్యగారికి అప్పజెప్పమన్న పని ఇదే. పిల్లల ఒళ్ళు వెచ్చబడితే థర్మామీటరు కంటే ముందు చెయ్యి పెట్టి చెప్పే తరం కదా, ప్యాడిల్ తిప్పడం ఆవిడకి ఒక్క పూటలో వచ్చేస్తుంది, పుస్తకంలో ఆవిడే రాస్తే ఏ ఆవు చెడుతోందో మీకంటే ముందే చెప్తారు.

జిగురు వచ్చిన చన్నుల్లో ఏ సూక్ష్మజీవి ఉందో, దానికి ఏ మందు పని చేస్తుందో చెప్పేది కల్చర్ పరీక్ష. ఈ విషయంలో బెంగళూరు పక్కన ఉండడం మీ అదృష్టం, హెబ్బాళలోనే వెటర్నరీ కాలేజీ ఉంది, పశు ఆరోగ్య సంస్థ ల్యాబూ ఉంది. మీ పశువుల డాక్టరు చేత ఒక చీటీ రాయించుకుని, ల్యాబ్‌కి ముందు ఫోన్ చేసి వెళ్ళండి. శాంపిల్ తీసేటప్పుడు చన్ను కొసని స్పిరిట్ దూదితో, దూది మురికి అంటకుండా వచ్చేవరకు తుడవాలి, మొదటి ధారలు వదిలేయాలి, స్టెరైల్ సీసాని ఏటవాలుగా పట్టుకుని మూత లోపలివైపు వేలు తగలకుండా పిండాలి. కొంచెం నిర్లక్ష్యం చేస్తే రిపోర్టులో చేతి మీది మురికి పేరు వస్తుంది, ఆవు రోగం పేరు రాదు. సీసాని ఐసు డబ్బాలో పెట్టి తీసుకెళ్ళండి, మీ ఆయన క్యాబ్ ఉంది కదా అని డాష్‌బోర్డు మీద పెట్టి బయల్దేరితే కె.ఆర్.పురం, టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లోనే అది పెరుగైపోతుంది. ఇంకో మాట, స్టెఫైలోకాకస్ రోజూ ఒకేలా పాలలోకి రాదు, ఒకసారి ఏమీ లేదని వచ్చినంత మాత్రాన గౌరిని నమ్మకండి, మళ్ళీ పంపండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, పాలు పిండే పద్ధతి. నేను మీ కొట్టానికి రాలేదు, కానీ చుట్టుపక్కల కొట్టాల్లో ఎక్కువగా కనబడేది ఏంటంటే, ఒక బకెట్లో గులాబీ రంగు పర్మాంగనేట్ నీళ్ళు, అందులో ఒకే గుడ్డ, మొదటి ఆవు నుంచి చివరి ఆవుదాకా దాంతోనే. మూడో ఆవుకి వచ్చేసరికి ఆ నీళ్ళ రంగు పోయి గోధుమ రంగుకి వస్తుంది, మందు పేడకి ఖర్చైపోయింది, ఇక మిగిలింది అన్ని పొదుగుల మురికీ కలిపిన నీళ్ళు. శుభ్రం చేస్తున్నామనుకుంటూ అంటించడమంటే ఇదే. ఇంకొందరు పైపు పెట్టి పొదుగంతా తడిపేస్తారు, పిండుతున్నంతసేపూ ఆ తడి జారి చన్ను కొస దగ్గరకి చేరుతుంది, అక్కడి నుంచి చేతిలోకి, పాలలోకి. పొదుగు కడగొద్దు. చన్నులు మాత్రం కడగండి, అదీ మురికిగా ఉంటేనే, కడిగితే తప్పకుండా ఆరబెట్టండి. ఆవుకొక గుడ్డ పెట్టండి, పాత కాటన్ చీర చింపితే బోలెడు ముక్కలొస్తాయి, రోజూ మరిగే నీళ్ళలో వేసి ఎండలో ఆరేయండి.

పిండే ముందు ఒక్కో చన్ను నుంచి మూడు నాలుగు ధారలు విడిగా తీసి చూడాలి, నల్లటి అడుగున్న గిన్నెలోకి, నేల మీదకి కాదు, అరచేతిలోకి అసలే కాదు. నలుపు మీద తరకలు వెంటనే కనబడతాయి. ఇది చేస్తున్నప్పుడే ఆవుకి పాలు చేపడం మొదలవుతుంది, చన్ను తాకిన నిమిషం, నిమిషంన్నరకి పాలు బాగా దిగుతాయి, ఆ తర్వాత ఐదు నుంచి ఏడు నిమిషాల్లో పిండడం అయిపోవాలి. పిండే చేతులు పొడిగా ఉండాలి. పాలలో వేళ్ళు ముంచి చన్ను తడపడం, ఉమ్ము రాయడం, ఈ అలవాట్లు మీ అబ్బాయికి ఉంటే ముందు అవి మానిపించాలి. బొటనవేలు మడిచి, దాని కణుపుతో నొక్కి లాగే పద్ధతి కూడా చెడ్డదే, లోపలి చర్మం నలుగుతుంది, నలిగిన చోట సూక్ష్మజీవికి చోటు దొరుకుతుంది. పిడికిలి మొత్తం మూసి పిండాలి.

పిండడం అయిన వెంటనే, ఆవు కాలు కదపకముందే, నాలుగు చన్నుల్నీ క్రిములని చంపే అయోడిన్ ద్రావణం, అంటే టీట్ డిప్‌లో పూర్తిగా ముంచాలి. ఇంట్లో ఏ పనికి టైము లేకపోయినా ఈ ఒక్కటి మానొద్దు. చన్ను రంధ్రం పిండిన తర్వాత దాదాపు అరగంట పాటు సరిగ్గా మూసుకోదు, ఆ అరగంటే ప్రమాదం. ముంచడం వల్ల అంటుకునే రకం కొత్త కేసులు దాదాపు సగానికి తగ్గుతాయి, ఇప్పటికే లోపలున్న రోగం మాత్రం దీంతో పోదు, కాబట్టి మొదటి వారంలో ఏమీ మార్పు కనబడక విసుగొచ్చి మానేస్తారేమో, మానకండి. గ్లిజరిన్ కలిపి తయారుగా అమ్మే డిప్ కొనండి, గాయాలకి పూసే టింక్చర్ అయోడిన్ వద్దు, దాంట్లో స్పిరిట్ ఉంటుంది, చన్ను చర్మం పగులుతుంది, పగుళ్ళలో మళ్ళీ స్టెఫైలోకాకస్సే చేరుతుంది. కప్పులో మిగిలింది తిరిగి సీసాలో పోయొద్దు. ముంచిన తర్వాత గాట్లో గడ్డి వేయండి, రాగి గడ్డైనా నేపియరైనా సరే, తింటూ అరగంట నిలబడే ఉంటుంది, తడి నేల మీద పడుకోదు. చాలామంది పిండేటప్పుడే మేతంతా పెట్టేసి ఈ లాభం పోగొట్టుకుంటారు. పిండేటప్పుడు బూసా (తవుడు) కొంచెం పెట్టండి చాలు, గడ్డి తర్వాతే.

వరస కూడా ముఖ్యం. ముందు తొలిచూలు ఆవులు, తర్వాత సిఎంటిలో శుభ్రంగా వచ్చినవి, తర్వాత జిగురు వచ్చినవి, అందరికంటే చివర గౌరి, ఇంకా వాపు ఉన్నవి. కట్టే చోట్లు మార్చుకోండి, లేకపోతే రెండు రోజులు పాటించి మూడో రోజు ఎవరు దగ్గరుంటే వాళ్ళతో మొదలుపెట్టేస్తారు.

ఆ అబ్బాయి గురించి. అతను నాలుగు ఇళ్ళు తిరుగుతాడు, డైరీ టైముకి అందరి పాలూ చేర్చాలి, ఆ హడావుడిలో ఆవుకి ఒక నిమిషం ఎక్కువ పట్టే ఏ పనీ అతనికి నచ్చదు. రోగం నువ్వే మోస్తున్నావని మొహం మీద అంటే రేపటి నుంచి రాడు, మీ చుట్టుపక్కల పాలు పిండేవాళ్ళు దొరకడం ఎంత కష్టమో మీకే తెలుసు. అందుకని సబ్బు, బకెట్టు, గ్లోవ్స్ మీరే పెట్టండి, మీ ఇంట్లో అడుగుపెట్టగానే చేతులు మోచేతుల దాకా కడుక్కునేలా చూడండి, గోళ్ళు కత్తిరించుకోమనండి, ఆ ఎక్కువ టైముకి నెలకి ఎంతో కొంత ఎక్కువ ఇవ్వండి. ఒక ట్యూబుల కోర్సుకి మీరు పెట్టే ఖర్చుతో పోల్చుకుంటే అది దండగ కాదు. మిగతా మూడు ఇళ్ళవాళ్ళతో కూడా మాట్లాడండి, వాళ్ళ కొట్టాల్లోనూ ఇదే గొడవ ఉండే అవకాశం బాగా ఉంది, నలుగురూ కలిసి డిప్ పెద్ద క్యాను కొనుక్కుంటే చవకపడుతుంది.

మిషను. సెకండ్ హ్యాండ్ అన్నారు, లైనర్లు మార్చారా అని మీరు రాయలేదు. చన్ను చుట్టూ ఉండే ఆ రబ్బరు లైనరుకి సాధారణంగా 2,500 పిండుళ్ళే ఆయుష్షు. ఆరు ఆవులు, రెండు పూటలంటే రోజుకి 12, అంటే కొత్తవి వేసినా ఏడు నెలలకి మార్చాలి, పాతవైతే అవి ఎంతకాలం నాటివో దేవుడికే తెలియాలి. వేలు పెట్టి చూడండి, లోపల గరుకుగా, చిన్న పగుళ్ళతో ఉంటే ఆ పగుళ్ళే సూక్ష్మజీవుల ఇల్లు, ఎంత కడిగినా పోవు, ఈ వారమే మార్చేయండి. వాక్యూమ్ గేజీ 40 నుంచి 50 కిలోపాస్కల్స్ మధ్య ఉండాలి, లైనరుని నొక్కి వదిలే పల్సేటర్ నిమిషానికి సుమారు 60 సార్లు కొట్టుకోవాలి, గడియారం చూసి లెక్కపెట్టుకోవచ్చు. పాలు ఆగిపోయాక కూడా మిషను వేలాడదీసి వేరే పనికి వెళ్ళకండి, చన్ను కొస గట్టిపడి, పువ్వులా బయటికి వస్తుంది, అలాంటి చన్ను ఎప్పటికీ సరిగ్గా మూసుకోదు. తీసేటప్పుడు ముందు వాక్యూమ్ ఆపి తీయాలి, లాగి పీకకూడదు. వాపున్న ఆవుకి మిషను పెట్టకండి, తప్పనిసరైతే చివర పెట్టి ఆ తర్వాత వేడి నీళ్ళతో, డిటర్జెంటుతో కడగండి.

నేల గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలియనిది కాదు. రబ్బరు మ్యాట్ కింద నీళ్ళు నిలుస్తున్నాయేమో ఎత్తి చూడండి, చాలా ఇళ్ళలో పైన మెరుస్తుంటుంది, కింద పురుగులుంటాయి. పచ్చి రంపపు పొట్టు పరవకండి, క్లెబ్సియెల్లా దాన్లో బాగా పెరుగుతుంది.

ఇక ట్యూబులు. మీరే ఎక్కిస్తున్నారు కాబట్టి తిట్టడం కంటే సరిగ్గా ఎలాగో చెప్పడమే మేలు, కానీ ఏ ట్యూబు, ఎన్ని రోజులు అన్నది మాత్రం కల్చర్ రిపోర్టు చూసి డాక్టరే చెప్పాలి. తరకలు పోయాయని రెండో రోజే ఆపేస్తే బలహీనమైనవి చస్తాయి, మొండివి మిగులుతాయి, ఆ మొండివే ఇప్పుడు గౌరిలో ఉన్నాయేమో. ఎక్కించే ముందు చన్ను కొస స్పిరిట్ దూదితో తుడవాలి, ముందు అవతలి వైపు చన్నులు, తర్వాత మీ వైపువి, ఎక్కించేటప్పుడు ముందు మీ వైపువి, తర్వాత అవతలివి, అప్పుడు తుడిచిన చన్నుకి మీ చెయ్యి తగలదు. ట్యూబు ముక్కు మొత్తం లోపలికి గుచ్చకండి, కొస కొంచెం దూరితే చాలు. పెద్ద సీసాలోంచి సిరంజితో లాగి పొదుగులోకి ఎక్కించే పద్ధతి ఎవరైనా నేర్పితే వినకండి, దాంతో బూజు జాతి జీవులు లోపలికి పోతాయి, వాటికి యాంటీబయాటిక్ పని చేయదు సరికదా ఇంకా పెరుగుతాయి.

ఒక్క సందర్భంలో మాత్రం ఇవేవీ ఆలోచించకుండా వెంటనే ఫోన్ చేయండి. ఆవు ఉన్నట్టుండి మేత మానేసి, చెవులు చల్లబడి, పొదుగు రాయిలా గట్టిపడి, పాలకి బదులు పల్చటి పసుపు నీళ్ళు వస్తుంటే అది ఈ.కోలి కావచ్చు, ప్రాణం మీదకొచ్చే రకం. సెలైన్లు, నొప్పి తగ్గించే మందులు కావాలి, ట్యూబు కోసం షాపుకి పరిగెత్తే టైము కాదది. ఊళ్ళో డాక్టరు దొరక్కపోతే 1962కి ఫోన్ చేయండి, పశువుల అంబులెన్సు నంబరు.

కలబంద సంగతి అడిగారు. నవ్వి తీసేసే మందు కాదది, జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ఎన్‌డిడిబి కూడా పాడి రైతులకి దాన్ని చెప్తోంది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తాంబూలపు సున్నం 15 గ్రాములు కలిపి రుబ్బితే పారాణిలా ఎర్రగా ముద్దవుతుంది, దాంట్లో గుప్పెడు తీసుకుని నీళ్ళలో పల్చగా కలిపి, పాలన్నీ పిండేసి కడిగిన పొదుగు మీద రోజుకి పదిసార్ల దాకా, ఐదు రోజులు పూస్తారు, మూడు రోజులు పూటకొక నిమ్మకాయ చొప్పున తినిపిస్తారు. వాపు మొదట్లో ఉన్నప్పుడు, సిఎంటిలో కొద్దిగా జిగురు వచ్చి పైకి ఏమీ లేనప్పుడు నేను వద్దనను, పైగా పాలు పారబోయాల్సిన పని ఉండదు. కానీ పైన చెప్పిన పసుపు నీళ్ళ కేసుకి దీన్ని నమ్ముకుంటే ఆవు పోతుంది. గౌరి చన్నులాంటి ముదిరిన కేసులో దీని మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. పూసే చేతులు కూడా ఆవుకీ ఆవుకీ మధ్య కడుక్కోవాలి, మందు పూస్తూ రోగం పంచినట్టు కాకూడదు.

ఎస్ఎన్ఎఫ్ విషయానికొస్తే, పైకి కనబడని పొదుగువాపు ఉంటే పాలలో లాక్టోజు (పాల చక్కెర), కేసీను (పాల మాంసకృత్తు) తగ్గుతాయి, ఉప్పు శాతం పెరుగుతుంది, అందుకే రుచి చూస్తే కొంచెం ఉప్పగా ఉంటాయి, కాస్తే విరుగుతాయి. వెనక్కి పంపింది అందుకే అయ్యుండొచ్చు. అయితే అంతా దీని మీదే తోసేయకండి, మేతలో శక్తి చాలకపోయినా ఎస్ఎన్ఎఫ్ పడుతుంది. మినరల్ మిక్చర్ ఆపేసి ఉంటే మళ్ళీ మొదలుపెట్టండి, సెలీనియం, విటమిన్ ఇ తక్కువైన ఆవుల్లో పొదుగువాపు ఎక్కువ. యాంటీబయాటిక్ వేసిన ఆవు పాలు మాత్రం డబ్బాలో ఒక్క చుక్క కలపొద్దు. ఒక చన్నుకే ఎక్కించాం, మిగతా మూడూ బాగానే ఉన్నాయి కదా అంటారు, మందు రక్తంలోకి వెళ్ళి మిగతా చన్నుల్లోకీ వస్తుంది, నాలుగు చన్నుల పాలూ ట్యూబు మీద రాసిన గంటలు అయ్యేదాకా వేరుగా తీయాల్సిందే. ఎవరింట్లోనైనా పెరుగు తోడుకోలేదంటే ఒక కారణం ఇదీ కావచ్చు.

మీ ఉత్తరంలో వట్టిపోయే ఆవుల ఊసే లేదు, నిజానికి మొండి రోగాన్ని పట్టుకోవడానికి మంచి సమయం అదే. ఈనడానికి రెండు నెలల ముందు పాలు ఆపేస్తారు కదా, చివరిసారి పూర్తిగా పిండేసి, వట్టిపోయే ఆవుల కోసమే తయారుచేసిన ఎక్కువ రోజులు పనిచేసే ట్యూబు నాలుగు చన్నుల్లో ఎక్కించి, డిప్‌లో ముంచి, ఇక ముట్టుకోకుండా వదిలేయాలి. పాలిచ్చే రోజుల్లో తగ్గని స్టెఫైలోకాకస్ అప్పుడు తగ్గే అవకాశం ఎక్కువ. ఇంగ్లండులో రీడింగ్ దగ్గరున్న పాడి పరిశోధన సంస్థవాళ్ళు 1960లలో చెప్పిన ఐదు సూత్రాల్లో ఇదొకటి, మిగతావి డిప్, మిషను సరిచూడడం, వెంటనే వైద్యం, తగ్గని ఆవుని తీసేయడం. అప్పట్లో ప్రతి ఆవుకీ వేసేయమనేవారు, ఇప్పుడు యూరప్‌లో 2022 జనవరి నుంచి మందలోని ఆవులన్నిటికీ ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ వేయడం నిషేధం. మీరు కూడా అత్తయ్యగారి పుస్తకం చూసి జిగురు వచ్చిన ఆవులకే వేయించండి, శుభ్రంగా ఉన్నవాటికి చన్ను రంధ్రాన్ని మూసే టీట్ సీలెంట్ దొరికితే డాక్టరు చేత అది ఒక్కటే పెట్టించండి.

తగ్గని ఆవుని తీసేయడం అన్నాను, అక్కడ గౌరి ఉంది. బయటి దేశాల పుస్తకాల్లో ఆ మాట రాయడం తేలిక, కర్ణాటకలో 2020 గోవధ నిషేధ చట్టం తర్వాత పాలివ్వని ఆవుని వదిలించుకోవడం అంత తేలిక కాదు, మీకూ మనసు ఒప్పదు. సంతలో ఏమీ చెప్పకుండా అమ్మేస్తే ఇంకో ఇంటి కొట్టం పాడవుతుంది, కొన్నవాడు మీ ఊరివాడే అయితే అదే అబ్బాయి చేతుల మీద మళ్ళీ మీ ఇంటికే రావచ్చు. కల్చర్‌లో స్టెఫైలోకాకస్ అని వస్తే, వెనక కుడి చన్ను ఒక్కదాన్నీ శాశ్వతంగా ఆపించేయమని డాక్టరుని అడగండి. మూడు చన్నులతో ఆవు బాగానే బతుకుతుంది, పాలు కొంచెం తగ్గుతాయి. మిగతా మూడింటికీ పాకితే అప్పుడు అమ్మకం గురించి ఆలోచించండి, కొనేవాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పి. మీ మరిది అన్నట్టు పదకొండూ అమ్మేయడం మాత్రం తొందరపాటు, నెల రోజులు డిప్, వరస, గుడ్డలు పాటించి రెండోసారి సిఎంటి చేశాక కూడా పుస్తకంలో జిగురు గళ్ళు పెరుగుతూనే ఉంటే అప్పుడు మళ్ళీ రాయండి, పుస్తకం ఫోటో తీసి జత చేయండి. ఈలోగా కొత్త ఆవు కొంటే సంతలోనే నాలుగు చన్నులకీ ప్యాడిల్ పట్టండి, అమ్మేవాడు వద్దంటే ఆ ఆవు కొనొద్దు.

దూడలకి ఆ పాలు పట్టకండి. వాపున్న చన్ను పాలు పచ్చివి పెయ్యలకి పడితే, అవి ఒకదాన్నొకటి చీకే అలవాటుతో చిన్న చన్నులకే అంటించుకుంటాయి, రేపు మొదటి ఈతకే చెడ్డ పొదుగుతో వస్తాయి. మందు వేసిన పాలు పడితే దూడ కడుపులో కూడా మందుకి లొంగని జీవులు తయారవుతాయి. ఒక పాత బకెట్లో బ్లీచింగ్ పౌడరు వేసి ఆ పాలన్నీ దాంట్లోకే పిండి, బావికీ కొట్టానికీ దూరంగా గుంట తీసి పోసేయండి. దూడలకి శుభ్రంగా వచ్చిన ఆవు పాలే పట్టండి, డైరీకి రెండు లీటర్లు తగ్గినా సరే.